వట్రసుడి

బగాది నీలాచలంగారి నూట నలభై మూడు నవలల్లో
తొంభై ఆరు నా వేళ్ల మీంచే పోయాయి.
బరంపురం, గిరి రోడ్డు వెనక సందు,
అప్పడాలు ఎండేసే మేడ కింద మా ప్రెస్సు.
సీసం మసికి గోళ్లు నల్లబడితే
మా ఆవిడ అన్నం తనే కలిపి పెట్టేది.

ఆయన రాసేది పెన్నుతో కాదు, బాకీతో.
పొద్దున్న పది పేజీలు, సాయంత్రం పది.
కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉండగానే
తడి ఆరని కాయితాలు చింపి ఇచ్చేవాడు.
ఇరవయ్యో పేజీలో పోయిన మేనమామ
తొంభయ్యో పేజీలో పెళ్లిపెద్ద.
సరోజిని కాస్తా శారదయ్యేది.
అడక్కుండానే దిద్దేవాణ్ణి.
ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు,
టీ మాత్రం ఆయనే ఇప్పించేవాడు.

ఒక్కటే గొడవ.
ఆయన మనుషులందరికీ హృదయం.
పగిలే హృదయం, పొంగే హృదయం,
జట్కా తోలేవాడికీ హృదయమే.
కేసులో వట్రసుడి గది
నెల తిరక్కుండా ఖాళీ.
దిమ్మెలు అరిగి, తోకలు విరిగి
ఆ మాట 'హదయం' అని పడేది.
మద్రాసు ఫౌండ్రీకి మళ్లీ ఆర్డరు రాస్తే
"ఈ ఒక్కటే ఇన్నెందుకయ్యా?" అని కార్డు.
ఎందుకంటే, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో
వంటలు దించేసి ఆడవాళ్లు
కట్టల కోసం కాచుకునే రోజులవి.

ఒక తుపాను వారం.
కరెంటు లేదు. ఇంటికి పోయే దారి లేదు.
రీముల మీద బాసింపట్టు వేసుక్కూచుని
కిరసనాయిలు దీపం కింద రాశాడు.
ఆ మేటరు కూరుస్తుంటే
చెయ్యి ఎందుకో నెమ్మదించింది.
గుణుపురం స్టేషన్లో అంబలి అమ్మే ఒకావిడ.
చిన్నలైను బండి ఎంత ఆలస్యమో
కుండలో పులుపు నాలిక్కి రాసుకుని చెప్పేది.
సగం ఒడియా, సగం మన మాట.
ఆవిడ ఎవరి కోసమో చూస్తోందని ఆయన అనలేదు.
బండి వచ్చే వైపుకి
కుండ మూతి వొంచి పెట్టేదన్నాడు, అంతే.
మూడు ఫారాలు.
అరవై అయిదు నుంచి నూట పన్నెండు.
అయ్యాక కేసు చూసుకుంటే
వట్రసుడి గది నిండుగా ఉంది.
ఒక్క దిమ్మె కదల్లేదు.

వాన వెలిసింది. అప్పులవాళ్లు వచ్చారు.
నూట పదమూడులో హీరో కారు దిగాడు,
హృదయం కొట్టుకుంది.

మొన్న ఆయన వందేళ్ల సభ.
సంఘం హాల్లో పదకొండు మందిమి, మైకువాడితో కలిపి.
విశాఖ నుంచి వచ్చిన పెద్దమనిషి
నూట నలభై మూడు అని నాలుగుసార్లు అన్నాడు.
ఒక్క వాక్యం చెప్పలేదు.
నేనూ లేవలేదు.
కంపోజిటరు లేచి ఏం మాట్లాడతాడు?
కింద లైబ్రరీలో ఆయన బీరువా ఖాళీ చేసి
పోటీ పరీక్షల ఒడియా గైడ్లు సర్దుతున్నారు.
పుస్తకాలు గోనెసంచుల్లో, మెట్ల కింద.
సంచి మీదెక్కి పిల్లి పడుకుంది.

మా సీసం ఏనాడో తూకానికి పోయింది.
చెడిపోయిన షీట్లలోంచి ఆ మూడు ఫారాలు
అప్పట్లోనే ఏరి, దారంతో కుట్టుకున్నాను.
అట్ట లేదు, పేరు లేదు.
పట్టుచీరల కొట్లో లెక్కలు రాసే పిల్ల
తెలుగు కూడబలుక్కుని చదువుతుంది.
పట్టుకెళ్లి మూడోనాడు తెచ్చింది.
"ఎవరు రాశారు తాతా?"
చెప్పాను.
"ఆ హృదయాలాయనా!
మా అమ్మమ్మ ట్రంకుపెట్టె నిండా ఆయనే."
నవ్వింది, నమ్మలేదు.
చేతిలోది మాత్రం కింద పెట్టలేదు.
"తరవాత ఏమైంది?"

నూట పదమూడు గుర్తొచ్చింది.
బండి ఇంకా రాలేదమ్మా, అన్నాను.